హైస్కూల్ పిల్లలకి పాశ్చాత్య బృందగానం పరిచయం చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: చెన్నైలో మీ స్కూల్లో తొమ్మిది, పది తరగతుల పిల్లలు ముప్పై మంది ఉన్నారు. చాలామందివి తెలుగు ఇళ్ళు, కొందరికి కర్ణాటక సంగీతం కాస్త వచ్చు, కాయిర్ అంటే మాత్రం క్రిస్మస్ పాటలే తెలుసు. వాళ్ళకి మోజార్ట్, హ్యాండెల్ లాంటి పాశ్చాత్య స్వరకర్తల్ని ఎలా వినిపించాలి అని కదా? ముందు వినిపించకండి. పాడించండి.

ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నదే. నాది ఆఫీసు ఉద్యోగం. ఓ కాయిర్‌లో బేస్ (మగవాళ్ళ గొంతుల్లో అన్నిటికంటే కింది వరుస) పాడతాను, శనివారాలు మా ఇంటి దగ్గరి స్కూల్లో పిల్లలకి నేర్పుతాను. మొదటి ఏడాది ఉత్సాహం ఆపుకోలేక స్పీకర్ మోసుకెళ్ళి హ్యాండెల్ 'మెస్సయ్య' పెట్టాను. 1741లో 24 రోజుల్లో రాశాడనీ, 1742లో డబ్లిన్‌లో మొదటిసారి పాడారనీ ఉపన్యాసం కూడా ఇచ్చాను. అందులోని 'హల్లెలూయా' పాట దగ్గరికి వచ్చేసరికి వెనక బెంచీలో ఇద్దరు నిద్రపోతున్నారు. ఇంకొకడు చెయ్యెత్తి, "సార్, ఇందులో పల్లవి ఏది?" అన్నాడు. అందరితో పాటు నేనూ నవ్వాను. ఇంటికెళ్ళాక తెలిసింది, వాడు సరైన ప్రశ్నే అడిగాడని. పల్లవి, చరణం అలవాటైన చెవికి నాలుగు గొంతులు నాలుగు దారుల్లో పోతుంటే దేన్ని పట్టుకోవాలో తెలియదు.

ఇప్పుడు మొదటి క్లాసులో నేను చేసేది ఇది. ముందు ఫ్యాన్లు ఆపిస్తాను (చెన్నైలో ఇది చిన్న త్యాగం కాదు, కానీ ఆ హోరులో శ్రుతి తేలదు). ఫోన్‌లో తంబురా పెట్టి అందరి చేతా 'స' పట్టిస్తాను. మూడో వంతు మందిని అంతర గాంధారానికి (శంకరాభరణంలో వచ్చే 'గ'), మరో మూడో వంతు మందిని 'ప'కి పంపుతాను. గమకం (స్వరాన్ని ఊపడం) వద్దు, గీత గీసినట్టు నిలబెట్టాలి. పోయినేడు ఆ మూడూ కుదిరిన క్షణంలో ఒకమ్మాయి పాడటం ఆపేసి వెనక్కి తిరిగి చూసింది, ఎవరో కీబోర్డ్ వాయిస్తున్నారనుకుని. అప్పుడు 'గ' వాళ్ళని 'మ'కి, 'ప' వాళ్ళని చతుశ్రుతి ధైవతానికి (శంకరాభరణంలో వచ్చే 'ధ') జరగమంటాను. 'స' వాళ్ళు కదలకూడదు. కదలరు కూడా. అయినా తమ 'స' రంగు మారినట్టు వాళ్ళకి అనిపిస్తుంది. హార్మనీ అంటే ఏమిటో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి పాఠం దొరకలేదు.

సంగీతం వచ్చిన పిల్లలతోనే ఎక్కువ కష్టం. తిరువయ్యూరులో పంచరత్నాలు పాడేటప్పుడు వందల మందిదీ ఒకటే బాట. ఇక్కడ పక్కవాడు వేరే స్వరం పాడుతుంటే మనం మన దాంట్లో ఉండాలి. బాగా పాడే పిల్ల పక్కన ఎవరిని నిలబెట్టినా రెండు నిమిషాల్లో ఆ పిల్ల స్వరంలోకి జారిపోతారు. దీనికి నేను ముత్తుస్వామి దీక్షితుల నొట్టుస్వరాలు వాడతాను. మద్రాసు కోటలో ఇంగ్లీషు బ్యాండు వాళ్ళు వాయించే వరుసలు విని ఆయన కట్టిన సాహిత్యాలవి. 'శ్యామళే మీనాక్షి' ఎత్తుకోగానే "ఇది ట్వింకిల్ ట్వింకిల్ కదా సార్!" అంటారు. సగం మంది అది పాడుతుంటే మిగతా సగం మంది 'స' పట్టుకుని ఉండాలి. రెండు శనివారాలు ఇదే పని.

తర్వాత 'దోనా నోబిస్ పాచెమ్' (మాకు శాంతినివ్వు) అనే లాటిన్ పాట. మూడు మాటలు, మూడు ముక్కలు, ఒక్కోటి ఎనిమిది బార్లు (మన తాళంలో ఆవర్తాల్లాంటివి). ఒక జట్టు రెండో ముక్కకి రాగానే రెండో జట్టు మొదటి నుంచి ఎత్తుకోవాలి. లాటిన్‌ని తెలుగు లిపిలోనే రాసివ్వండి. ఇంగ్లీషు స్పెల్లింగ్ చూస్తే 'పేసెం' అంటారు. మన దీర్ఘాలు, హ్రస్వాలు ఆ భాషకి చక్కగా సరిపోతాయి.

మగపిల్లల గొంతుల సంగతి. ఈ వయసులో గొంతు మారుతుంటుంది. మా బ్యాచ్‌లో ఒకడు, క్రికెట్‌లో అందరికంటే గట్టిగా అరిచేవాడు, పాట దగ్గర నోరు మెదిపేవాడు కాదు. చూస్తే వాడికి పట్టుమని ఐదు స్వరాలే సాఫీగా పలుకుతున్నాయి. ఆ ఐదింటితోనే కింద ఒక వరుస రాసిచ్చాను. టెనర్ (మగవాళ్ళ పై గొంతు), బేస్ అని ఇప్పుడే ముద్ర వేయకండి, మూడు నెలల్లో మళ్ళీ మారుతుంది.

ఇదంతా అయ్యాకే వినిపించండి, అదీ చిన్నవి. నా మొదటి ఎంపిక మోజార్ట్ 'ఆవే వేరుమ్ కోర్పుస్'. 1791లో, చనిపోయే ఏడాది రాసింది. 46 బార్లు, మూడు నిమిషాల పైచిలుకు. ఒక్కో జట్టూ ఒక్క గొంతునే వెంబడించాలని చెప్పండి. ఆ తర్వాత అల్లెగ్రి అనే ఇటలీ స్వరకర్త రాసిన చర్చి పాట 'మిజెరేరే'. 1770లో రోమ్‌లో మోజార్ట్ అది విని, గుర్తుపెట్టుకుని కాగితం మీద పెట్టాడని వాళ్ళ నాన్న ఉత్తరంలో రాశాడు. అప్పటికి వాడికి పద్నాలుగేళ్ళు అని చెప్పగానే తొమ్మిదో తరగతి వాళ్ళు నిటారుగా కూర్చుంటారు.

ఒక తండ్రి నన్ను అడిగారు, "చర్చి పాటలు ఎందుకండీ?" అని. దాచకండి. ఇది చాలావరకు చర్చిలో పుట్టిన సంగీతమే అని చెప్పి, సాహిత్యానికి అర్థం రాసి ఇంటికి పంపండి. నేను పంపాక ఆయన మళ్ళీ అడగలేదు. మన భాషల్లో కూడా కావాలంటే, చిత్తూరులో పుట్టిన ఎం.బి. శ్రీనివాసన్ మద్రాస్ యూత్ కాయిర్ పెట్టి భారతీయ భాషల పాటల్నే బృందగానంగా పాడించారు, అవి వినిపించండి.

నగరంలో 1893 నాటి మద్రాస్ మ్యూజికల్ అసోసియేషన్ కాయిర్ ఉంది. కచేరీ ఉంటే పిల్లల్ని తీసుకెళ్ళండి, వీలైతే ముందు వరుసలకి. పాడేవాళ్ళు ఊపిరి తీసుకోవడం కనబడాలి. నోటేషన్ కొనక్కర్లేదు. ఇలాంటి పాత రచనలకి కోరల్ పబ్లిక్ డొమైన్ లైబ్రరీ అనే సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ప్రింట్ మాత్రం పెద్దగా తీయించండి, ఒక్కో కాగితంలోకి ముగ్గురు తొంగి చూస్తారు.