మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో చివరగా కలిపిన లైన్ ఒక్కటే తీసేయడం ఎలా?

మీ ఇబ్బంది నాకు అర్థమైనంతవరకు ఇదీ: పైథాన్‌లో గ్రాఫులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్ లైబ్రరీతో ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ నీటిమట్టాలు అడుగుల్లో గీశారు. వాటి మీద హుస్సేన్ సాగర్‌ది కలిపితే, ఆ డేటా మీటర్లలో ఉంది. పాత రెండు లైన్లూ 1790, 1763.5 అడుగుల ఫుల్ ట్యాంక్ లెవెల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి మట్టం) దరిదాపుల్లో ఉంటే కొత్తది 513 దగ్గర పడింది. దాంతో పాతవి పై అంచుకి అతుక్కుపోయాయి, ఇప్పుడు ఆ కొత్త లైన్ ఒక్కటే తీసేయాలి.

కంట్రోల్ జెడ్ ఇక్కడ పనిచేయదు. టూల్‌బార్‌లో వెనక్కి బాణం చూసి ఆశపడకండి, అది జూమ్‌ని వెనక్కి తిప్పుతుందంతే, లైన్ల జోలికి పోదు. యాక్స్ ఆబ్జెక్ట్‌లో (అంటే కోడ్‌లో మీ గ్రాఫ్‌ని పట్టుకునే ax) లైన్స్ అనే లిస్టు ఉంటుంది, కొత్త లైన్ దాని చివర చేరుతుంది. మైనస్ ఒకటి ఇండెక్స్‌తో (లిస్టులో చివరిది అని అర్థం) దాన్ని పట్టుకుని రిమూవ్ పిలవండి, అంటే ax.lines[-1].remove(). పాత జవాబుల్లో కనిపించే పాప్ పద్ధతి (లిస్టులోంచే నేరుగా లాగేయడం) మ్యాట్‌ప్లాట్‌లిబ్ 3.7 వెర్షన్ నుంచి ఎర్రర్ ఇస్తుంది. మాట్‌ల్యాబ్ అలవాటున్నవాళ్లు జాగ్రత్త, అక్కడ చిల్డ్రన్ లిస్టులో కొత్తది మొదట ఉంటుంది.

అసలు చిరాకు లైన్ పోయాక మొదలవుతుంది. స్కేలు ఇంకా 500 లోపు నుంచే ఉంటుంది. మిగిలిన లైన్ల హద్దులు మళ్లీ లెక్కగట్టే రీలిమ్ (relim), ఆ తర్వాత స్కేలుని వాటికి సరిపెట్టే ఆటోస్కేల్ వ్యూ (autoscale_view) పిలిస్తే సర్దుకుంటుంది. మధ్యలో మౌస్‌తో జూమ్ చేసి ఉంటే ఆటోస్కేల్ ఆగిపోయి ఉంటుంది కాబట్టి ముందు దాన్ని ఆన్ చేయాలి. లెజెండ్‌లో (ఏ రంగు ఏ లైనో చెప్పే పెట్టెలో) తీసేసిన లైన్ పేరు అలాగే వేలాడుతుంది, లెజెండ్‌ని మళ్లీ పిలవండి. రంగు మాత్రం వెనక్కి రాదు: మామూలు సెట్టింగ్‌లో నీలం, నారింజ తర్వాత ఆకుపచ్చ లైన్ తీసేసినా, తర్వాతిది ఎరుపులోనే వస్తుంది. కావాలంటే రంగు మీరే ఇవ్వండి.

స్కాటర్‌తో విడివిడిగా పెట్టిన చుక్కలు లైన్స్‌లో ఉండవు, కలెక్షన్స్‌లో ఉంటాయి. టెక్స్ట్‌ది మరో లిస్టు. అన్నీ కలిపి వాడేటప్పుడు 'చివరిది' ఏదో వెతుక్కోవడం తలనొప్పి. అందుకే నేను గీసినప్పుడల్లా తిరిగి వచ్చేదాన్ని నా సొంత లిస్టులో వేసుకుంటాను, తీసేయాలంటే అక్కడి నుంచే. ప్లాట్ ఒక్క లైన్ గీసినా లిస్టే ఇస్తుంది, అందులో మొదటిదాన్ని తీసి దాచుకోవాలి.

అన్నట్టు, హుస్సేన్ సాగర్ 513.41 మీటర్ల ఫుల్ ట్యాంక్ లెవెల్‌ని అడుగుల్లోకి మార్చినా 1684 దగ్గరే ఆగుతుంది. దానికి విడిగా ఒక సబ్‌ప్లాట్ (అదే బొమ్మలో పక్కన ఇంకో గ్రాఫ్) పెట్టుకోవడమే మేలు.