పన్ను క్యాప్‌కి స్కాన్ తీయించాలా, ముద్దతో అచ్చు సరిపోతుందా?

గుణుపురం నుంచి మీరు అడిగింది ఇది: అమ్మగారికి కింది దవడ పన్నుకు రూట్ కెనాల్ అయింది, ఇక క్యాప్ వేయాలి. ఊళ్ళో డాక్టరుగారు ముద్దతో అచ్చు తీస్తామన్నారు. పర్లాకిమిడిలో ఇంకో క్లినిక్‌లో స్కాన్ తీస్తారు గానీ ఖర్చు ఎక్కువ. ఆ డబ్బుకు తగ్గ లాభం ఉందా అని.

ఉంది. నేను బరంపురంలో ఒక డెంటల్ ల్యాబ్‌లో క్యాపులు, బ్రిడ్జిలు చేస్తాను. రాయగడ, పర్లాకిమిడి, ఇచ్ఛాపురం వైపు క్లినిక్కుల నుంచి మాకు అచ్చులూ వస్తాయి, ఈమధ్య స్కాన్ ఫైళ్ళూ వస్తున్నాయి. నా అనుభవంలో మన వైపు వాళ్ళకు స్కాన్ వల్ల కలిగే పెద్ద మేలు ఒకటే: కొలతలో తప్పుంటే, పేషెంటు ఇంకా కుర్చీలో ఉండగానే తెలిసిపోతుంది.

క్యాప్ కోసం డాక్టరు పన్నును చుట్టూ అరగదీస్తారు. ఆ అరుగు ఎక్కడ ఆగిందో ఆ గీతను మార్జిన్ అంటాం. క్యాప్ అంచు సరిగ్గా దాని మీద కూర్చోవాలి. సందు మిగిలితే సిమెంటు నెమ్మదిగా కరిగిపోయి, లోపల పన్ను మళ్ళీ పుచ్చుతుంది. రూట్ కెనాల్ అయిన పన్నులో నరం ఉండదు కాబట్టి పుచ్చుతున్నా నొప్పి తెలియదు. చాలాసార్లు క్యాప్ ఊడొచ్చాకే తెలుస్తుంది.

అచ్చుల్లో గొడవంతా ఈ గీత దగ్గరే. అక్కడ రక్తమో ఉమ్మో ఉంటే ముద్ద పట్టదు, బుడగ వస్తుంది, లేదా బయటికి తీసేటప్పుడు చిరుగుతుంది. అది మా బల్ల మీదికి వచ్చి మేం లెన్సు పెట్టి చూసేదాకా బయటపడదు. అప్పటికి పేషెంటు ఊరెళ్ళిపోయి ఉంటారు. రాయగడ అవతలి పల్లె నుంచి వచ్చిన ఒక పెద్దామెకు ఇలాగే అయింది. మార్జిన్ కనబడటం లేదని నేనే క్లినిక్‌కు ఫోన్ చేశాను. ఆమెను మళ్ళీ పిలిపించి, టెంపరరీ క్యాప్ తీసి, మళ్ళీ మత్తు ఇంజెక్షన్ ఇచ్చి అచ్చు తీశారు. కొడుకు పని మానుకుని తీసుకొచ్చాడట. ఆ సంగతి విని చాలా బాధేసింది.

స్కానర్ అంటే నోట్లో తిప్పే చిన్న కెమెరా. సీటీ స్కాన్ లాంటిది కాదు, ఎక్స్‌రే కిరణాలు ఉండవు, వెలుతురు మాత్రమే. పన్ను ఆకారం స్క్రీన్ మీద వస్తుంది, డాక్టరు దాన్ని పెద్దది చేసి మార్జిన్ చూస్తారు. ఎక్కడైనా తెగితే ఆ ముక్క వరకే మళ్ళీ తీస్తారు. పై పన్నుకూ దీనికీ మధ్య క్యాప్ పట్టేంత చోటుందో లేదో కూడా రంగుల్లో కనిపిస్తుంది. చోటు చాలకపోతే అప్పుడే ఇంకాస్త అరగదీస్తారు. ఇది చూడకుండా వదిలేస్తే క్యాప్ పలచనై పగులుతుంది, లేదా ఎత్తుగా తగులుతుంది. అమ్మగారికి ఒడియా అంతగా రాకపోయినా, ఆ బొమ్మ చూపిస్తే ఏం జరుగుతుందో ఆమెకే అర్థమవుతుంది. ముద్ద పెట్టగానే వాంతి వచ్చేలా ఉండేవాళ్ళకైతే ఇది పెద్ద ఊరట, మధ్యలో ఆపి ఊపిరి తీసుకోవచ్చు.

ఇంకో సంగతి బయటివాళ్ళకు పెద్దగా తెలియదు. జిర్కోనియా (పింగాణీ లాంటి గట్టి తెల్లటి పదార్థం) క్యాప్ అయితే, మీరు అచ్చు ఇచ్చినా మేం దానిలో రాతిపొడి పోసి మోడల్ చేసి, ఆ మోడల్‌ను ల్యాబ్‌లో స్కాన్ చేస్తాం. అంటే ఎలాగూ స్కాన్ తప్పదు. కాకపోతే మధ్యలో అచ్చు, మోడల్ అని రెండు మెట్లు ఉంటాయి. రాతిపొడి గట్టిపడేటప్పుడు కాస్త వ్యాకోచిస్తుంది. అచ్చు ఆల్జినేట్‌తో (నీళ్ళు కలిపి చేసే ముద్ద) తీసిందైతే తడి ఆరి సంకోచిస్తుంది. దాన్ని ఎండాకాలంలో బస్సు పార్సిల్‌లో పంపితే నమ్మలేం. నేరుగా నోట్లోంచి వచ్చిన ఫైలుకు ఈ బెడద లేదు, నిమిషాల్లో మా దగ్గరుంటుంది. తర్వాత జిర్కోనియాను సుమారు 20 నుంచి 25 శాతం పెద్దదిగా చెక్కి, దాదాపు 1,500 డిగ్రీల కొలిమిలో పెడతాం. అది కుంచించుకుని అసలు కొలతకు వస్తుంది. మొదటి కొలత తేడాగా ఉంటే ఈ యంత్రాలేవీ దాన్ని సరిచేయలేవు.

ఇదేదో నిన్న మొన్న వచ్చిన ప్రయోగమని భయపడకండి. 1985లోనే జ్యూరిక్ విశ్వవిద్యాలయంలో వెర్నర్ మోర్మన్ నోట్లో కెమెరాతో కొలత తీసి పింగాణీ ఇన్లే (పన్ను గుంతలో అతికే ముక్క) అమర్చారు.

అలాగని ఊళ్ళో డాక్టరుగారిని తక్కువ చేయను. ఆయన సిలికాన్ ముద్ద (రబ్బరులా గట్టిపడేది) వాడి, చిగురును దారంతో పక్కకు నెట్టి జాగ్రత్తగా తీస్తే, ఒక్క పన్ను క్యాప్‌కి ఆ అచ్చు స్కాన్‌కు ఏమాత్రం తీసిపోదు. అడిషన్ సిలికాన్ అనే రకమైతే రోజుల తరబడి ఆకారం మారదు. పైగా స్కానర్‌కు రక్తం కింద ఉన్నది కనబడదు, దానికీ ఆ దారం పెట్టాల్సిందే. దవడ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పోయే పెద్ద పనుల్లో, ఫొటోలను అతికించుకుంటూ పోయే కొద్దీ స్కాన్‌లో తేడాలు పేరుకుంటాయి. పూర్తి కట్టుడు పళ్ళకు నేనైతే ఇప్పటికీ అచ్చే కోరుకుంటాను, ఎందుకంటే మెత్తటి చిగురు కదులుతుంది.

మీ విషయంలో నేనైతే ముందు ఊళ్ళో డాక్టరుగారిని ఏ ముద్ద వాడతారని అడుగుతాను. ఆల్జినేట్ అంటే పర్లాకిమిడి వెళ్ళి స్కాన్ తీయించండి, ఆ డబ్బు వృథా కాదు. సిలికాన్ అంటే, ఖర్చు ఇబ్బందైతే అక్కడే చేయించేయండి. స్కాన్ తీయిస్తే ఫైలు దాచి ఉంచమని చెప్పండి, క్యాప్ చేతిలో ఉండగానే పగిలినా మళ్ళీ కొలత ఇవ్వకుండా ఇంకోటి చేస్తాం. ఏదైనా సరే, ఆలస్యం చేయకండి. రూట్ కెనాల్ అయిన దవడ పన్ను క్యాప్ లేకుండా నిలువునా చీలితే, చాలాసార్లు పీకేయడం తప్ప దారి ఉండదు.