కడ్డీ ఎంత సాగింది? లెక్క ఎక్కడ తప్పింది?

ప్రశ్న: 50 సెంటీమీటర్ల అల్యూమినియం కడ్డీని 30 నుంచి 100 డిగ్రీలకు వేడిచేస్తే ఎంత సాగుతుంది? నాకు 0.805 మిల్లీమీటర్లు వచ్చింది, మా ఫ్రెండుకి 3.94. ల్యాబ్‌లో కొలిస్తే 0.60 మాత్రమే. ఏది నమ్మాలి?
– ఇంటర్ విద్యార్థిని, గాజువాక

జవాబు: మీ లెక్కే సరైనది. పొడవు 500 మి.మీ., అల్యూమినియం దైర్ఘ్య వ్యాకోచ గుణకం (ఒక డిగ్రీ వేడికి పొడవులో ఎంత భాగం సాగుతుందో చెప్పే సంఖ్య) డిగ్రీకి 0.000023, ఉష్ణోగ్రత తేడా 70. మూడూ గుణిస్తే 0.805. మీ ఫ్రెండు కెల్విన్‌లోకి మార్చాలనుకుని ఆ 70కి 273 కలిపి 343 చేసుకున్నట్టున్నారు. 30, 100 రెండింటికీ 273 కలిపి తీసివేసినా తేడా మళ్లీ 70 దగ్గరికే వస్తుంది. తేడాకు మాత్రం ఏమీ కలపకూడదు. పరీక్షల్లో ఏటా కనబడే తప్పే ఇది.

ఇక ల్యాబ్ సంగతి. 0.60 తో గుణకం కడితే 0.000017 వస్తుంది, అది రాగి విలువ! కడ్డీ తెల్లగా ఉంది కాబట్టి రాగి అయ్యే అవకాశం లేదు. లెక్కను తిరగేసి చూడండి: 0.60ని 0.0115తో (500 × 0.000023) భాగిస్తే 52. అంటే కడ్డీ మొత్తం మీద సగటున 82 డిగ్రీల దాకానే వేడెక్కింది. కడ్డీని ఉంచిన గొట్టంలోకి ఆవిరి రాగానే రీడింగ్ తీసేశారేమో. థర్మామీటర్ నిలకడగా ఉండి, స్ఫెరోమీటర్‌లో (స్క్రూ తిప్పి సన్నని ఎత్తు తేడాలు కొలిచే కాళ్ల పరికరం) వరుసగా రెండు మూడు రీడింగులు ఒకటే వచ్చేదాకా ఆగాలి. గొట్టం బయటికి పొడుచుకొచ్చిన కడ్డీ కొసలు చల్లగానే ఉంటాయి, ఆ కాస్త లోటు ఎలాగూ తప్పదు.

ఆవిరి పంపేముందు స్ఫెరోమీటర్ స్క్రూను రెండు మూడు చుట్లు పైకెత్తారా? ఎత్తకపోతే సాగే కడ్డీ స్ఫెరోమీటర్‌నే పైకి నెట్టి కాళ్లను జరుపుతుంది. అప్పుడు రెండో రీడింగ్‌కు మొదటిదానితో పొంతన ఉండదు. స్క్రూను ఎప్పుడూ పైనుంచి కిందికే దించుతూ ఆనించండి. దాటిపోతే వెనక్కి తిప్పి అక్కడే చదివేయకండి, మర లూజు రీడింగ్‌లో కలిసిపోతుంది. కనీసపు కొలత 0.01 మి.మీ. అంటే 0.80లో ఒక్క గీత తేడాకే ఒక శాతానికి పైగా తప్పు. స్కేలుతో కొలిచిన పొడవులో 1 మి.మీ. తప్పినా పోయేది 0.2 శాతమే. కాబట్టి జాగ్రత్తంతా స్ఫెరోమీటర్ దగ్గర పెట్టండి.

ఆవిరి 100 డిగ్రీలని గుడ్డిగా రాయకండి. విశాఖ సముద్రమట్టంలో ఉంది కాబట్టి సరిపోతుంది. అరకులో నీళ్లు దాదాపు 97 దగ్గరే మరుగుతాయి, అక్కడ 100 వేసుకుంటే గుణకం నాలుగు శాతం తగ్గుతుంది.

ప్రశ్న: రింగును వేడిచేస్తే మధ్య రంధ్రం పెద్దదవుతుందా, చిన్నదవుతుందా?
– పదో తరగతి విద్యార్థి, మధురవాడ

జవాబు: పెద్దదే అవుతుంది. రంధ్రం నిండా అదే లోహం ఉందనుకుని లెక్కకట్టండి. బండి చక్రానికి ఇనుప పట్టా వేసేది ఇలాగే. 1.5 మీటర్ల వ్యాసమున్న పట్టాను 400 డిగ్రీలు అదనంగా కాలిస్తే (ఇనుము గుణకం 0.000012) వ్యాసం 1500 × 0.000012 × 400 = 7.2 మి.మీ. పెరుగుతుంది. కొయ్య చక్రం మీదికి సులువుగా దిగుతుంది, నీళ్లు పోయగానే బిగుసుకుంటుంది.