26 గెలుపులా, 10 గెలుపులా?

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో అలబామా విశ్వవిద్యాలయంలో చదువుతోంది. తన పుణ్యమా అని మేమూ ఆదివారం తెల్లవారుజామున ఐదున్నరకు లేచి అక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఆటలు చూస్తున్నాం. హెడ్ కోచ్‌ల పట్టికలో మైక్ షూలాకు ఒకచోట 26 గెలుపులు, మరొకచోట 10 గెలుపులు ఉన్నాయి. మైక్ ప్రైస్ పేరు ఉంది గానీ ఆయన ఖాతాలో ఒక్క ఆటా లేదు. ఎందుకని? ఎప్పుడో చనిపోయిన పాత కోచ్ బేర్ బ్రయంట్‌ను ఇంకా ఎందుకు తలుచుకుంటారు?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: రెండు అంకెలూ తప్పు కావు. షూలా జట్టు 2003 నుంచి 2006 వరకు మైదానంలో గెలిచినవి 26 ఆటలే. అయితే తమకు ఉచితంగా అందే పాఠ్యపుస్తకాల సదుపాయాన్ని వాడుకొని కొందరు క్రీడాకారులు ఇతర విద్యార్థులకూ పుస్తకాలు ఇప్పించారని తేలడంతో, కాలేజీ క్రీడలను నియంత్రించే ఎన్‌సీఏఏ 2009లో ఆ జట్టుకు చెందిన 21 గెలుపులను రద్దు చేసింది. వాటిలో 16 షూలావి. మిగతా 5 ఆయన తర్వాత వచ్చిన నిక్ సేబన్‌వి. గెలుపులు పోయినా 23 ఓటములు మాత్రం అలాగే ఉండిపోయాయి కనుక, పట్టిక చూసినవారికి షూలా ఉన్నదానికంటే చాలా బలహీనమైన కోచ్‌గా కనిపిస్తారు. కోచ్ పనితనాన్ని అంచనా వేయాలంటే 26నే చూడాలని నా అభిప్రాయం.

బ్రయంట్ విషయానికొస్తే, ఆయనకు ముందు గొప్ప కోచ్‌లు లేకపోలేదు. వాలెస్ వేడ్ మూడు, బ్రయంట్‌కు ఆట నేర్పిన ఫ్రాంక్ థామస్ రెండు జాతీయ టైటిళ్లు తెచ్చారు. కానీ 1955–57 మధ్య మూడేళ్లలో నాలుగంటే నాలుగే ఆటలు గెలిచిన జట్టును బ్రయంట్ 1958లో చేపట్టి, 1961కల్లా ఓటమి లేని విజేతగా నిలిపారు. 25 సీజన్లలో 232 గెలుపులు, ఆరు టైటిళ్లు సాధించి, చివరి ఆట ముగిసిన నెల తిరగకుండానే, 1983 జనవరిలో కన్నుమూశారు.

ఆ తర్వాత వచ్చినవారందరికీ ఆయనతోనే పోలిక. బ్రయంట్ శిష్యపరంపరకు చెందని బిల్ కరీ 1989లో వరసగా పది ఆటలు గెలిపించినా, అదే రాష్ట్రానికి చెందిన ప్రత్యర్థి ఆబర్న్ చేతిలో మూడో ఏడాదీ ఓడడంతో ఆయనకు అక్కడ నిలదొక్కుకునే వీలు లేకపోయింది. 1992లో టైటిల్ తెచ్చిన జీన్ స్టాలింగ్స్ మాత్రం బ్రయంట్ శిష్యుడే. సీజన్ ముగింపులో జరిగే కాటన్ బౌల్ ఆటలో, 1968లో, టెక్సాస్ ఏ అండ్ ఎం కోచ్‌గా ఆయన అలబామాను 20–16తో ఓడించినప్పుడు, ఓడిన గురువే వచ్చి శిష్యుణ్ణి అమాంతం పైకెత్తి అభినందించారు. అలబామాలోనే ఆరు టైటిళ్లు గెలిచి, అంతకుముందు ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయం)లో గెలిచినదానితో కలిపి బ్రయంట్‌ను దాటిన సేబన్‌కు ఆ పరంపరతో సంబంధమే లేదు. ఆయన 2024 జనవరిలో తప్పుకోగా, వాషింగ్టన్ విశ్వవిద్యాలయం నుంచి కేలెన్ డిబోర్ వచ్చారు.

ఇక ప్రైస్ సంగతి. 2002 డిసెంబరులో నియమితులైన ఆయనను, వ్యక్తిగత ప్రవర్తన వివాదం కారణంగా 2003 మే నెలలో, అంటే సీజన్ మొదలుకాకముందే తొలగించారు. అలా హడావిడిగా ఖాళీ అయిన ఆ స్థానంలోకి అదే నెలలో వచ్చినవారే షూలా.