డీజిల్ పంపు మార్చే ముందు చూడవలసినవి

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నువ్వు కొన్న పాత ట్రాక్టరు పొద్దున్న చక్కగా స్టార్టయి, దమ్ములో దిగిన కాసేపటికి ఆగిపోతోందనీ, డీజిల్ పంపు పోయింది కాబట్టి మార్చాలని మెకానిక్ చెప్పాడనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. పంపు విప్పించే ముందు ఈ ఉత్తరం నిదానంగా చదువు. పంపు పోయిందని మన షెడ్డుకు తెచ్చిన బండ్లలో చాలావాటికి పంపు నిక్షేపంలా ఉండేది. దానికి డీజిల్ సరిగా అందకపోవడమే అసలు జబ్బు.

ముందుగా ట్యాంకు మూత చూడు. డీజిల్ తగ్గే కొద్దీ ట్యాంకులోకి గాలి పోవడానికి ఆ మూతకు సన్నని రంధ్రం ఉంటుంది. దమ్ము బురద చింది, ఎండి, ఆ రంధ్రం మూసుకుపోతే ట్యాంకులో గాలి చాలక, ట్యాంకు నుంచి డీజిల్ లాగి డీజిల్ పంపుకు అందించే చిన్న ఫీడ్ పంపు ఎంత పీల్చినా డీజిల్ కదలదు. బండి ఆగిన వెంటనే మూత విప్పు. సుయ్‌మని గాలి లోపలికి పోయిన చప్పుడు వినిపించి, ఆ తరువాత బండి మామూలుగా నడిస్తే, ఒక్క పైసా ఖర్చు లేకుండా జబ్బు దొరికినట్టే.

అది కాకపోతే డీజిల్ పైపుల్లో గాలి పట్టిందేమో చూడాలి. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్నది పీల్చే వైపు, అక్కడి నుంచి ముందుకు తోసే వైపు. తోసే వైపు లీకైతే డీజిల్ కారి కంటికి కనిపిస్తుంది. పీల్చే వైపు లీకు మాత్రం ఇంజన్ నడుస్తున్నంతసేపూ బయటికి చుక్క రాల్చకుండా గాలిని లోపలికి లాగుతుంది కనుక, పైకి పొడిగా ఉన్న జాయింటును నమ్మవద్దు. ఫీడ్ పంపుకు ముందున్న రబ్బరు పైపు స్థానంలో, డీజిల్‌కు తట్టుకునే పారదర్శకమైన పైపు ముక్కను జానెడు తాత్కాలికంగా బిగించి ఇంజన్ నడిపితే, బుడగలు వస్తున్నదీ లేనిదీ నీ కళ్లకే తెలుస్తుంది. బుడగలు వస్తే చీలిన పైపునూ, నలిగిన వాషర్లనూ మార్చు. పాత వాషరునే ఇంకా గట్టిగా బిగించడం వల్ల మరలు పోతాయే తప్ప గాలి ఆగదు.

తరువాత గాలి తీయాలి. ఫిల్టరు మీది స్క్రూను వదులు చేసి ఫీడ్ పంపు లీవరు కొడుతూ ఉంటే మొదట నురగ, ఆపైన బుడగలు, చివరికి నిండు ధార వస్తాయి. ధార వస్తుండగానే స్క్రూ బిగించి, డీజిల్ పంపు మీది స్క్రూ దగ్గర కూడా అదే పని చెయ్యి. లీవరు ఊరికే ఊగుతూ డీజిల్ తోయకపోతే ఫీడ్ పంపు చెడిపోయిందని అనుకోకు. ఫీడ్ పంపును నడిపే క్యామ్ ఎత్తు మీద ఆగి ఉండవచ్చు, ఇంజన్‌ను కాస్త తిప్పి మళ్లీ కొట్టు. అప్పటికీ ధార రాకపోతే ఫిల్టరు పూడిందో, ఫీడ్ పంపులో వాల్వులు పోయాయో చూడాలి.

పొగను కూడా గమనించు. సెల్ఫ్ కొడుతున్నంతసేపూ పొగ గొట్టం నుంచి ఏ పొగా రాకపోతే, ఇంజన్ లోపలికి డీజిల్ చిమ్మే నాజిళ్లకు డీజిల్ చేరడం లేదన్నమాట. తెల్లపొగ వస్తుంటే డీజిల్ చేరుతోంది కానీ మండడం లేదు. బరువు పడినప్పుడు నల్లపొగ కక్కుతుంటే ముందు ఎయిర్ ఫిల్టరునూ నాజిళ్లనూ చూడాలి. పొగ లేకుండా బలం తగ్గిపోతుంటే డీజిల్ చాలడం లేదు.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం చేయవద్దు. డిప్‌స్టిక్ తీసినప్పుడు ఆయిల్ మట్టం ఉండవలసిన దానికన్నా పెరిగి, పలచబడి, డీజిల్ వాసన వస్తుంటే, ఫీడ్ పంపు లోపలి పొర, అంటే డయాఫ్రం చిరిగి డీజిల్ ఆయిల్‌లో కలుస్తూ ఉండవచ్చు. ఆ స్థితిలో ఇంజన్ నడిపితే బేరింగులు పోతాయి. అక్కడే ఆపి, డయాఫ్రం, ఆయిల్, ఆయిల్ ఫిల్టరు మార్పించు.

ఇక జాగ్రత్తల సంగతి. మన డెల్టాలో పంపుకు అసలు శత్రువు నీరు. పంపు లోపల డీజిల్ తోసే కడ్డీ అయిన ప్లంజరుకూ, అది కదిలే గొట్టమైన బ్యారెల్‌కూ మధ్య సందు రెండు మూడు మైక్రాన్లకు మించదు, తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది. అంత సన్నని చోట నీరు తుప్పు పట్టిస్తే ఏ మెకానిక్ వల్లా కాదు. ధవళేశ్వరం నుంచి కాలువలకు నీళ్లు వదలగానే అందరూ సార్వా దమ్ములకని చేల దగ్గర డ్రమ్ములలో డీజిల్ పెట్టుకుంటారు. నిలబెట్టిన డ్రమ్ము తల మీద వాననీరు నిలిస్తే, రాత్రి చల్లబడినప్పుడు ఆ నీరు బిరడా మరల గుండా లోపలికి దిగుతుంది. కాబట్టి డ్రమ్మును కప్పు కింద ఉంచు, అడుగున పేరుకున్నదాన్ని ట్యాంకులోకి రానివ్వకు, జింకు పూత ఉన్న డబ్బాలలో డీజిల్ నిలవ చేయకు. సాయంత్రం పని అయ్యాక ట్యాంకు నింపి పెడితే రాత్రి చెమ్మ పట్టడానికి లోపల చోటుండదు. దమ్ముల రోజుల్లో ప్రతి ఉదయం స్టార్ట్ చేయకముందే, డీజిల్ లోని నీరు దిగి నిలిచే నీళ్ల గిన్నె అడుగు స్క్రూ వదులు చేసి గాజు గ్లాసులోకి కొంచెం వంపు. నీరు ఉంటే అడుగున విడిగా కనిపిస్తుంది. ఫిల్టర్లను మాన్యువల్‌లో చెప్పిన గంటలకు మార్చు, కడిగి మళ్లీ వేయవద్దు.

నాజిళ్లు సుమారు 200 బార్ల ఒత్తిడి దగ్గర తెరుచుకుంటాయి. ఆ తుంపర చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది కనుక లీకును చేత్తో తడమవద్దు, అట్టముక్క అడ్డుపెట్టి చూడు. పొరపాటున గుచ్చుకుంటే గాయం చిన్నదిగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. 2023 జనవరి నుంచి 50 హార్స్‌పవర్ దాటిన ట్రాక్టర్లకు కొత్త కాలుష్య నిబంధనలు వచ్చాక, కంప్యూటరు అదుపులో మరింత ఎక్కువ ఒత్తిడితో నడిచే కామన్ రైల్ పంపులు వస్తున్నాయి. నీ బండి పాతరకం కనుక పైన చెప్పినవన్నీ చేసుకోవచ్చు. కామన్ రైల్ బండి ఎవరిదైనా సరే, దాని పైపుల జోలికి నువ్వు పోకు.

ఇవన్నీ చూశాక కూడా తేడా పోకపోతే అప్పుడు పంపు విప్పించు. విప్పే ముందు పంపు చుట్టూ కడిగించి, పంపును మళ్లీ అదే స్థానంలో బిగించడానికి ఫ్లాంజి మీద టైమింగు గీత లేకపోతే గీయించి, తెరిచిన పైపుల మూతులన్నిటికీ శుభ్రమైన మూతలు పెట్టించు. సీలు వేసిన స్క్రూలను చేను గట్టు మీద ఎవరినీ తిప్పనివ్వకు. పరీక్ష బెంచి ఉన్న దుకాణంలోనే కాలిబ్రేషన్, అంటే డీజిల్ కొలత సరిచేయడం, చేయించి, ఎన్ని చుట్లకు ఎంత డీజిల్ వస్తోందో రాసిచ్చిన కాగితం అడిగి తీసుకో. పాత భాగాలు మార్చారంటే అవి కూడా నీ చేతికి ఇమ్మను.

ఇట్లు,
మావయ్య