భర్త సంతకంతో గర్భసంచి తీసేశారు... కేసు వేయవచ్చా?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా. మా అక్కకు 34 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. తెల్లబట్ట, పొత్తికడుపు నొప్పి ఉంటే ఊళ్లోని ఆర్‌ఎంపీ గుంటూరులో ఒక నర్సింగ్‌హోమ్‌కు తీసుకెళ్లాడు. స్కానింగ్ చేసి, గర్భసంచి తీయకపోతే క్యాన్సర్ అవుతుందని చెప్పి మర్నాడే ఆపరేషన్ చేశారు. 45 వేల రూపాయలు కట్టాం. కాగితాల మీద మా బావ సంతకం చేశాడు. అండాశయాలు కూడా తీసేశారన్న సంగతి డిశ్చార్జి కాగితం చూసి వేరే డాక్టరు చెబితేనే తెలిసింది. ఇదంతా జరిగి 16 నెలలైంది. అక్కకు ఒళ్లంతా ఆవిర్లు, కీళ్లనొప్పులు, రాత్రిళ్లు నిద్ర లేదు. ‘భర్తే ఒప్పుకున్నాక కేసు ఎలా నిలుస్తుంది?’ అంటున్నారు. నిజమేనా?
- ఒక సోదరి

జవాబు: నిజం కాదమ్మా. మీ అక్క మేజరు, స్పృహలో ఉన్న మనిషి. ఆమె శరీరంలో ఏది ఉంచాలో ఏది తీయాలో ఆమెనే అడగాలి. మీ బావగారి సంతకం ఆమె సమ్మతికి బదులు కాదు.

ఈ విషయం సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు 2008 జనవరి 16న తేల్చి చెప్పింది. 1995లో ఢిల్లీలో 44 ఏళ్ల మహిళ అధిక రక్తస్రావంతో డాక్టరు దగ్గరకు వెళ్లి, లాప్రోస్కోపీ (పొట్టకు చిన్న రంధ్రం పెట్టి కెమెరాతో లోపల చూడటం) పరీక్ష కోసం సంతకం చేశారు. ఆమె మత్తులో ఉండగా బయట ఉన్న తల్లి చేత సంతకం పెట్టించుకుని గర్భాశయాన్ని, అండాశయాలను తీసేశారు. పరీక్షకు ఇచ్చిన సమ్మతి ఆపరేషన్‌కు చెల్లదని, ప్రాణాపాయం లేనప్పుడు రోగి మెలకువ వచ్చేదాకా ఆగాల్సిందేనని, తల్లి సంతకం పనికిరాదని కోర్టు చెప్పింది. కన్నతల్లి సంతకమే చెల్లనప్పుడు భర్త సంతకం ఎలా చెల్లుతుంది?

ఆసుపత్రి వాళ్లు ఒక నిబంధన చూపించవచ్చు. సంతానం కలగకుండా చేసే ఆపరేషన్లకు భార్యాభర్తలిద్దరి సమ్మతీ కావాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనల్లో ఉంది. ఇద్దరిదీ కావాలన్న మాట భర్తది ఒక్కటే చాలన్న మాట కాదు. ఆ నిబంధన మీ అక్క వైపే ఉంది.

ఒకవేళ మీ అక్క సంతకం కూడా ఏదో కాగితం మీద ఉందనుకోండి. అప్పుడూ కంగారు పడనక్కర్లేదు. ఏ ఆపరేషన్ చేస్తున్నారు, ఎందుకు, వేరే చికిత్స ఉందా, చేయించుకుంటే వచ్చే ముప్పు ఏమిటి, మానుకుంటే ఏమవుతుంది అన్నవి తెలిసేలా చెప్పాకే సమ్మతి తీసుకోవాలని అదే తీర్పులో ఉంది. నేను చూసిన ఒక కేసు షీటులో సమ్మతి పత్రం మొత్తం ఇంగ్లీషులో అచ్చయి ఉంది. ఆపరేషన్ పేరు రాయాల్సిన గీత ఖాళీగా ఉంది. కింద తెలుగు కూడా చదవలేని మనిషి వేలిముద్ర. దాన్ని సమ్మతి అనడానికి నాకు నోరు రాదు.

ఇక అసలు ఆపరేషన్ అవసరమా అన్నది రెండో ప్రశ్న. తెల్లబట్ట చాలామందిలో ఇన్ఫెక్షన్ వల్ల వస్తుంది, మందులతో తగ్గుతుంది. క్యాన్సర్ అనుమానం ఉంటే ముందు పాప్ స్మియర్ (గర్భాశయ ముఖద్వారం నుంచి కణాలు తీసి చూసే పరీక్ష), అవసరమైతే ముక్క తీసి పరీక్ష చేయాలి. ఒక్క స్కానింగ్ చూసి మర్నాడే కోయడానికి కారణమేమిటో ఆసుపత్రి చెప్పుకోవాలి. తీసిన గర్భసంచిని ల్యాబ్‌కు పంపిన బయాప్సీ రిపోర్టు మీకు చాలా ముఖ్యం. అందులో ‘క్రానిక్ సర్విసైటిస్’ అని మాత్రమే ఉంటే, అది గర్భాశయ ముఖద్వారం వాపు, క్యాన్సర్ కాదు. అసలు ల్యాబ్‌కే పంపలేదంటే అది ఇంకో లోపం.

ఇది మీ ఇంటి కష్టం ఒక్కటే కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం ఉన్నారు. ‘పిల్లలు పుట్టేశారు, ఇక సంచితో పనేమిటి’ అని మన ఊళ్లలో ఎంత తేలిగ్గా అనేస్తారో నాకు తెలుసు. బిహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో జరిగిన అనవసర ఆపరేషన్లపై దాఖలైన పిటిషన్‌లో, కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. వీటి ప్రకారం జిల్లా స్థాయిలోనూ పర్యవేక్షణ కమిటీ ఉండాలి. కాబట్టి జిల్లా వైద్య ఆరోగ్య అధికారికి (డీఎంహెచ్‌ఓ), రాష్ట్ర వైద్య మండలికి కూడా ఫిర్యాదు పంపండి. మండలి డాక్టరుపై చర్య తీసుకోగలదు కానీ పరిహారం ఇప్పించలేదు.

పరిహారానికి వినియోగదారుల కమిషన్‌కే వెళ్లాలి. గడువు రెండేళ్లు. 16 నెలలు గడిచాయి కనుక మీకు ఎనిమిది నెలలే ఉన్నాయి. ఆలస్యానికి కారణం చూపి మన్నించమని అడిగే వీలుంది గానీ దాని మీద ఆధారపడవద్దు. ఆసుపత్రి గుంటూరులో ఉన్నా, మీ అక్క నివాసం ప్రకాశం జిల్లా అయితే ఒంగోలులోని జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపు కాబట్టి ఫీజు ఉండదు. ఫిర్యాదు మాత్రం మీ అక్క పేరు మీదే ఉండాలి.

అన్నిటికంటే ముందు రికార్డులు అడగండి. కేసు షీటు, సమ్మతి పత్రం, ఆపరేషన్ నోట్స్, మత్తుమందు రికార్డు, స్కానింగ్, బయాప్సీ రిపోర్టుల నకళ్లు కావాలని మీ అక్క సంతకంతో ఉత్తరం రాసి, అందినట్టు రసీదు వచ్చేలా స్పీడ్ పోస్టులో పంపండి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలన్నది నిబంధన. ఇవ్వకపోతే ఆ ఉత్తరమే మీకు సాక్ష్యం. డబ్బు కట్టిన రసీదు చీటీ అయినా సరే, మందుల బిల్లులైనా సరే పారేయకండి.

పరిహారం గురించి ఆశ పెట్టి మోసం చేయలేను. సమీరా కోహ్లీకి దక్కింది 25 వేల రూపాయలు, డాక్టరు ఫీజు రద్దు, అంతే. డాక్టరు సదుద్దేశంతో చేశారని కోర్టు భావించింది. మీ అక్క విషయంలో ఆపరేషనే అనవసరమని రుజువైతే లెక్క వేరుగా ఉంటుంది. అందుకు ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలోని గైనకాలజిస్టు అభిప్రాయం రాతపూర్వకంగా తీసుకోవడం మంచిది.

ఆ డాక్టరునే ఇంకో మాట కూడా అడగండి. ఈ వయసులో అండాశయాలు పోతే ఎముకలు గుల్లబారతాయి, గుండె జబ్బు ముప్పు పెరుగుతుంది. హార్మోను చికిత్స మీ అక్కకు సరిపడుతుందేమో చూడమనండి. కేసు తేలేదాకా ఈ పని ఆపవద్దు.

వకీలుకు ఇవ్వడానికి డబ్బు లేదని వెనుకాడకండి. మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోను చేయండి.