లీన్ ప్రొడక్షన్‌ను ‘సన్న ఉత్పత్తి’ అనవచ్చా?

సందేహం: మాది మహబూబ్‌నగర్. పాలిటెక్నిక్‌లో మెకానికల్ పాఠాలు చెబుతాను. కార్ల తయారీ పద్ధతులు మొదటి నుంచి ఇప్పటిదాకా ఎలా మారుతూ వచ్చాయో మా పిల్లల కోసం తెలుగులో ఒక పాఠం రాస్తున్నాను. ఒకే రకం కార్లను లక్షల్లో చేసే మాస్ ప్రొడక్షన్‌ను ‘సామూహిక ఉత్పత్తి’ అని, వృథా తగ్గించి చేసే లీన్ ప్రొడక్షన్‌ను ‘సన్న ఉత్పత్తి’ అని రాశాను. తోటి అధ్యాపకులు ‘పొదుపు ఉత్పత్తి’ నయమంటున్నారు. ఏది సరైనది? పాఠానికి పేరు ‘తయారీ పద్ధతుల పరిణామం’ అని పెట్టాలా, ‘పరిమాణం’ అనా?

సమాధానం: చివరి ప్రశ్న తేలిక కాబట్టి ముందు దాన్ని చూద్దాం. పరిణామం అంటే ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి మారడం. పరిమాణం అంటే కొలత, ఎంత ఉందన్నది. ‘ఉత్పత్తి పరిమాణం పెరగడంతో తయారీ పద్ధతుల్లో పరిణామం వచ్చింది’ అంటే రెండు మాటలూ వాటి వాటి చోట్ల ఉన్నట్టు. మీ శీర్షికకు పరిణామమే సరైనది. బహువచనం మాత్రం వద్దు. ‘పరిణామాలు’ అనగానే ‘తీవ్ర పరిణామాలుంటాయి’ అన్న వార్తల్లోని అర్థం ముందుకొస్తుంది.

శీర్షికలో ‘తయారీ’ అని, లోపల ‘ఉత్పత్తి’ అని రాశారు. ఉత్పత్తి అంటే పుట్టడం. నాగార్జునసాగర్‌లో విద్యుత్ ఉత్పత్తి అంటాం, విద్యుత్ తయారీ అనం. విడిభాగాలు బిగించి మనుషులు చేసే కారుకు తయారీ అన్న మాటే బాగా అతుకుతుంది. ఏడాదికి ఎన్ని కార్లు వచ్చాయో చెప్పేటప్పుడు ఉత్పత్తి అనండి, తప్పు లేదు. పద్ధతుల పేర్లలో తయారీ ఉంచండి.

1890ల్లో పారిస్‌లోని పనార్ లెవాసర్ వంటి కార్ఖానాల్లో కారును ఆరితేరిన పనివాళ్లు ఒక్కొక్కటిగా చేసేవాళ్లు. వేర్వేరు చోట్ల నుంచి వచ్చిన భాగాలు ఒకదానికొకటి సరిపోయేవి కావు. ఆకురాయితో రాకి రాకి కూర్చేవాళ్లు. దాంతో ఒకే నమూనా మీద చేసిన రెండు కార్లు కూడా అచ్చంగా ఒక్కలా ఉండేవి కావు. దీన్ని ‘హస్తకళా ఉత్పత్తి’ అంటే చదివేవాళ్లకు బొమ్మలూ బుట్టలూ గుర్తొస్తాయి. ‘చేతిపని తయారీ’ చాలు.

తరువాతిది ఫోర్డ్ పద్ధతి. 1908లో మోడల్ టీ అనే కారు వచ్చింది. ఏ భాగమైనా ఏ బండికైనా సరిపోయేలా కొలతలు ఖచ్చితం చేశారు. 1913లో హైలాండ్ పార్క్ కార్ఖానాలో అసెంబ్లీ లైన్‌ను, అంటే వరుసగా భాగాలు బిగించే బారును, కదిలించారు. మనిషి బండి దగ్గరికి నడవడం పోయి, బండే మనిషి దగ్గరికి వచ్చింది. 12 గంటలకు పైగా పట్టే ఛాసిస్ (బండి అడుగు చట్రం) కూర్పు మరుసటి ఏడాదికల్లా దాదాపు గంటన్నరకు దిగింది. 1927లో ఆపేసేనాటికి 1.5 కోట్ల మోడల్ టీలు తయారయ్యాయి. దీనికి ‘సామూహిక’ అన్న మాట కుదరదు. సామూహిక వ్యవసాయం, సామూహిక వివాహాలు అన్నప్పుడు నలుగురు మనుషులు కలిసి చేసేదని అర్థం. ఇక్కడ లెక్క మనుషులది కాదు, సరుకుది. ‘భారీ తయారీ’ అందామంటే భారీ పరిశ్రమలు గుర్తొచ్చి, బరువైన వస్తువులు చేయడమనుకుంటారు. ‘పెద్దఎత్తున తయారీ’ అనండి. కొంచెం పొడుగే అయినా అనుమానానికి తావివ్వదు.

ఇక అసలు ప్రశ్న. ఇంగ్లిష్‌లో లీన్ అంటే ఒళ్లు సన్నగా ఉండటం. ‘సన్న ఉత్పత్తి’ మన ప్రాంతంలో అసలు వద్దు. మిర్యాలగూడ మిల్లుల దగ్గర ఈ మాట అంటే సన్న వడ్ల గురించే అనుకుంటారు. ‘బక్క’ అంటే ఇంకా చిక్కు. బక్క రైతు అంటే మనకు లేనివాడు, ఆసరా లేనివాడు. ‘పొదుపు’ వాటికన్నా మేలనిపిస్తుంది గానీ, అది ఉన్న డబ్బు ఖర్చుపెట్టకుండా దాచుకోవడం. ఊళ్లలో మహిళల పొదుపు సంఘాలు చేసేది అదే. పొదుపు ఉత్పత్తి అని చదివిన పిల్లవాడు కూలీ తగ్గించడమో, నాసిరకం ఇనుము వాడటమో అనుకుంటే తప్పు వాడిది కాదు. ఆ పద్ధతి చెప్పేది దానికి పూర్తిగా వేరు.

ఈ పద్ధతి టయోటాలో పెరిగింది గానీ లీన్ అన్న పేరు అక్కడిది కాదు. అమెరికాలో ఎంఐటీ పరిశోధకుడు జాన్ క్రాఫ్‌సిక్ 1988లో రాసిన వ్యాసంతో ప్రచారంలోకి వచ్చింది. అంతకుముందు ఆయన వాడిన మాటకు ‘పెళుసైనది’ అని అర్థం. గోదాముల్లో నిల్వల ఆసరా లేకుండా నడిచే పద్ధతి కాబట్టి అలా అన్నాడు. ఆ మాట చెడు ధ్వనిస్తోందని లీన్‌కు మారాడు. పేరు పెట్టినాయనే మాట ధ్వని చూసి మార్చుకున్నాడు. తెలుగులో మనమూ ఆ మాత్రం జాగ్రత్త పడాలి. ఒళ్లు సన్నబడటం అక్కడ ఉపమానం మాత్రమే. మనం పేరు పెట్టాల్సింది ఆ పద్ధతి చేసే పనికి.

ఆ పని ఏమిటో టయోటా ఇంజనీరు తైయీచి ఓనో విడమరిచి చెప్పాడు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత జపాన్‌లో కార్లు కొనేవాళ్లు తక్కువ, కావలసిన రకాలు ఎక్కువ. ఒకే రకాన్ని లక్షల్లో చేసి గోదాముల్లో నింపే స్తోమత లేదు. కాబట్టి వృథా ఎక్కడెక్కడ ఉందో వెతికి ఏడు రకాలుగా తేల్చాడు. అక్కరకు మించి చేయడం, పని రాక ఎదురుచూడటం, సరుకును అటూ ఇటూ మోయడం, అవసరం లేని పని చేయడం, నిల్వలు పేర్చడం, మనిషి ఊరికే కదలడం, పాడు సరుకు చేయడం. వీటిలో అక్కరకు మించి చేయడమే మిగతావాటికి మూలమన్నాడు.

ఏ తెలుగు మాట ఈ ఏడింటికీ సరిపోతుందో చూడండి. దుబారా డబ్బుకు బాగుంటుంది, ఎదురుచూపుకు అతకదు. దండగ నోటికి బాగా వస్తుంది, ‘దండగ పని’, ‘దండగ తిరుగుడు’ అంటూనే ఉంటాం. కానీ నష్టం, జరిమానా అన్న అర్థాలు దాని వెంట ఉన్నాయి. వృథా ఒక్కటే కాలానికీ, శ్రమకూ, సరుకుకూ ఇబ్బంది లేకుండా చెల్లుతుంది. అందుకే నా సలహా ‘వృథా లేని తయారీ’. పాఠంలో మొదటిసారి ‘లీన్ అనే పేరున్న వృథా లేని తయారీ’ అని రాసి, తరువాత లీన్ అనే వాడుకోండి. ఉద్యోగంలో చేరాక పిల్లలు వినేది ఆ మాటే. తరగతిలో దండగ అని వివరించండి, చటుక్కున అందుకుంటారు.

అయితే ఈ పేరులో ఇమడని సంగతి ఒకటుంది, దాన్ని పాఠంలో విడిగా చెప్పండి. టయోటాను పెట్టిన టొయోడా వంశం మగ్గాలు చేసిన వంశం. కార్ల కంపెనీ పెట్టిన కీచిరో టొయోడా తండ్రి సకీచి 1924లో తెచ్చిన మరమగ్గం, పోగు తెగితే తనంతట తానే ఆగిపోయేది. గద్వాలలో, పోచంపల్లిలో నేతగాడు చేసేదీ ఇదే. పడుగులో పోగు తెగిందంటే నాడె ఆపి, పోగు అతికించాకే మళ్లీ నేస్తాడు. ఆపకుండా నేస్తే బట్టలో తప్పు పడుతుంది. సకీచి ఆ ఎరుకను యంత్రానికి నేర్పాడు. ఇదే ఆలోచన కార్ల లైన్‌లోకి వచ్చింది. తప్పు కనబడితే మామూలు పనివాడు కూడా తాడు లాగి లైన్ ఆపించవచ్చు. ఫోర్డ్ తరహా పాత లైన్‌లో ఆ అధికారం పైవాళ్లకే ఉండేది. జపనీయులు దీనికి స్వయంచాలనం అన్న తమ మాటనే తీసుకుని, అందులో ఒక అక్షరానికి ‘మనిషి’ అన్న గుర్తు చేర్చి రాస్తారు. తెలుగులో మనకు ఆ వెసులుబాటు లేదు. వట్టి ‘స్వయంచాలన’ అని రాస్తే ఆ మనిషి జారిపోతాడు. ‘తప్పు దొరకగానే ఆగడం’ అని వాక్యంగానే రాయండి.

టయోటా పద్ధతిలోని కాన్‌బాన్‌కు కొత్త మాట కల్పించే పని లేదు. లైన్‌లో తరువాతి స్థానంలో భాగాలు వాడిన మేరకే, వాటిని చేసి పంపే అంతకుముందు స్థానానికి కబురు పంపే కార్డు అది. చీటీ అంటే అందరికీ తెలుస్తుంది. అసెంబ్లీ లైన్ అన్నచోట మాత్రం ‘లైన్’ వదలకండి. వట్టి అసెంబ్లీ అంటే హైదరాబాద్‌లోని శాసనసభే అవుతుంది.